ఎడమవైపు ఎగిరిన నీటికాకులు

ఆయన్ని డిపోలో అందరూ మెత్తబ్రేకు అనేవాళ్ళు. ఆ పేరు ఎంతగా అతుక్కుపోయిందంటే, డ్యూటీ చార్టు మీద అసలు పేరు రాస్తే ఎవరీయన అని కొత్త గుమాస్తాలు వెతుక్కునేవాళ్ళు.

ఇరవై ఏడేళ్ళు సిటీ బస్సు నడిపాడు. ఆయన బస్సు ఆగిందో లేదో కిటికీలోంచి చూస్తేగానీ తెలిసేది కాదు. నిలబడ్డ ముసలివాళ్ళు కూడా కడ్డీ పట్టుకోవడం మర్చిపోయి కబుర్లలో పడిపోయేవాళ్ళు. ఇన్నేళ్ళలో ఒక కోడిపిల్లని కూడా తొక్కించలేదు. ఆ మాట మాత్రం ఎప్పుడూ పైకి అనేవాడు కాదు. అన్న రోజే ఏదో అవుతుందని భయం.

నిజం చెప్పుకోవాలంటే మనిషి పుట్టు పిరికివాడు. ఆ పిరికితనమే ఆయన్ని మంచి డ్రైవర్ని చేసింది. బండి తీసే ముందు చుట్టూ ఒకసారి తిరిగి, వంగి చక్రాల కింద చూసుకునేవాడు. తొమ్మిదేళ్ళుగా అదే బండిలో ఉన్న కండక్టరు, "ఏం పారేసుకున్నావన్నా అక్కడ?" అని రోజూ అడిగేవాడు. "నా ధైర్యం పడిపోయిందేమోనని చూస్తున్నాలే," అనేవాడు ఈయన.

ఆయన భార్య ఒక పెద్ద హోటలువాళ్ళ దుప్పట్లు ఇస్త్రీ చేసే చోట పనిచేసేది. ఎనిమిది గంటలు నిలబడే పని. మోకాళ్ళు అరిగిపోయాయి. మెట్లెక్కొద్దు, చదునుగా ఉన్నచోట రోజూ నడవమన్నాడు డాక్టరు. వీళ్ళుండేదేమో మూడో అంతస్తు. మెట్లెక్కకుండా ఇంటికెలా రావాలో ఆ డాక్టరు చెప్పలేదు.

నడవడానికి ఆ ఊళ్ళో ఒకటే మంచి చోటు, ఏటి ఒడ్డు పార్కు. ఒకప్పుడు అక్కడ దుంగలు కోసే మిల్లు ఉండేదట. మిల్లు పోయాక చెట్లని వాటి మానాన వదిలేశారు. ఇప్పుడు ఎంత గుబురుగా పెరిగాయంటే, గేటు దాటి వంద అడుగులు వేస్తే బస్సుల హారన్లు పక్క ఊరివేమో అనిపిస్తాయి.

"ఆ చెట్లలోకి నేనొక్కదాన్నీ వెళ్ళను బాబూ. మీరూ రండి," అంది ఆవిడ.

"నేను రోజంతా కూర్చునే ఊరు తిరుగుతాను. మళ్ళీ నడవడం కూడానా?"

"కూర్చునే తిరుగుతున్నారు కాబట్టే ఆ పొట్ట. నాకు తోడొచ్చినట్టూ ఉంటుంది, అదీ తగ్గుతుంది. రండి."

ఆయనది మధ్యాహ్నం డ్యూటీ. పొద్దున్నే ఖాళీ. అలా మొదలైంది నడక.

మొదట్లో ఆయనకి పార్కు నచ్చింది. ఎర్రమట్టి దారి, రెండువైపులా చెట్లు, కొమ్మల సందుల్లోంచి తళుక్కుమనే నీళ్ళు. దారి చివర నీళ్ళ మీదికి వచ్చేలా కట్టిన చెక్క వేదిక. దాని మీద రోజూ ఇద్దరు కనిపించేవాళ్ళు. ఒకామె ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు నర్సుగా చేసి దిగిపోయిన మనిషి. మెళ్ళో దూరదర్శిని, చేతిలో చిన్న పుస్తకం. అందరూ పిట్టల సిస్టరమ్మ అనేవాళ్ళు. రెండో ఆయన డెబ్భై దాటిన ముసలాయన. చెవి దగ్గర చిన్న రేడియో పెట్టుకుని నడుస్తాడు, అందుకని రేడియో తాత. రేడియో ఆయన విన్నదానికంటే పార్కంతా విన్నది ఎక్కువ.

"పిట్టలు పారిపోతాయి, కట్టెయ్యండి తాతా," అనేది సిస్టరమ్మ.

"అవి నా రేడియో వినడానికే వస్తున్నాయమ్మా. నీ మొహం చూడ్డానికి అనుకుంటున్నావా?"

ఈ మాటల మధ్యలో మన దంపతులు కలిశారు. వారం తిరిగేసరికి సిస్టరమ్మ వీళ్ళకి లకుముకి పిట్టని చూపించింది. నీళ్ళ మీదికి వంగిన కొమ్మ మీద కూర్చుని, రాయి పడ్డట్టు దబ్బున పడి, ముక్కున చేపతో లేచింది. మెత్తబ్రేకు నోరు తెరుచుకుని చూశాడు. "బ్రేకంటే అదీ," అన్నాడు. అంత దూరాన దాని ముక్కు రంగు కూడా చెప్పాడు. ఆయన కళ్ళకేమీ లోపం లేదని అప్పుడెవరైనా ఒట్టేసి చెప్పేవాళ్ళు.

ఏటి మధ్యలో ఒక లంక. దాని మీద ఏడెనిమిది పెద్ద చెట్లు. రాత్రంతా నీటికాకులు వాటి మీద నిద్రపోయి, తెల్లవారగానే లేచి మేతకు పోతాయి. కొన్ని ఎడమకి, ఏటికి ఎగువకి. కొన్ని కుడికి, దిగువకి. ప్రతి ఆదివారం వాటిని లెక్కపెట్టి పుస్తకంలో రాయడం సిస్టరమ్మ అలవాటు. పదకొండేళ్ళ నుంచి ఒక్క ఆదివారం తప్పలేదు. ఆ లెక్కకి ఒక పద్ధతి పెట్టుకుంది. నీళ్ళలో పాత వంతెన స్తంభం ఒకటి విరిగి నిలబడి ఉంది, అందరూ దాని వైపే చూడాలి.

"కళ్ళు ఆ స్తంభం మీద పెట్టండి. తల తిప్పకూడదు," అని చెప్పింది వీళ్ళకి మొదటి ఆదివారం. "తిప్పితే పోయిన పిట్టే మళ్ళీ వచ్చిందనుకుని రెండుసార్లు లెక్కపెడతారు. కంటి అంచుల్లో ఇటు ఎన్ని కదిలితే అన్ని, అటు ఎన్ని కదిలితే అన్ని. పక్కవాళ్ళతో మాటల్లేవు. అయ్యాక నేనడుగుతా, అప్పుడు చెప్పాలి."

రేడియో కూడా కట్టేశారు. చల్లటి గాలి, చెక్కల కింద నీళ్ళు కొట్టుకునే చప్పుడు. నీటికాకులు లేచాయి. ఈయన స్తంభం మీద చూపు నిలిపి, వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టాడు.

"తాతా?"

"అరవై రెండు."

"మీరమ్మా?"

"అరవై... మధ్యలో తుమ్మొచ్చిందండీ. అరవై వేసుకోండి."

"డ్రైవరుగారూ?"

"ఇరవై తొమ్మిది."

రేడియో తాత పకపకా నవ్వాడు. "అబ్బాయ్, సగం ట్రిప్పే కొట్టావే!" అందరూ నవ్వారు. ఈయనా నవ్వాడు. కొత్త కదా, నిద్రమొహం కదా అనుకున్నాడు.

రెండో ఆదివారం ఈయనకి ముప్పై ఒకటి. మిగతావాళ్ళకి అరవై అయిదు, అరవై ఆరు.

"ఏం నాయనా, బస్సులో కూడా ఇలాగే సగంమందిని స్టాపులో వదిలేసి పోతావా?" అన్నాడు తాత.

నవ్వాడు గానీ, ఆ మాట చేప ముల్లులా గొంతులో నిలిచిపోయింది. వారమంతా మింగుడుపడలేదు.

మూడో ఆదివారం ఆయన చిన్న దొంగతనం చేశాడు. తనకి కనిపించినవి ముప్పై. ఎందుకొచ్చిన నవ్వులాట అని రెట్టింపు చేసి, "అరవై" అన్నాడు. సిస్టరమ్మ పుస్తకంలో చూసుకుంది. "నాది అరవై ఒకటి. ఇవాళ గురి కుదిరింది డ్రైవరుగారూ!" అంది. భార్య మురిసిపోయింది.

ఆయన మాత్రం మడిచిన వేళ్ళు మళ్ళీ చూసుకున్నాడు. రెట్టింపు చేస్తే సరిపోయిందే! తప్పు లెక్క అయితే ఒకసారి పదీ, ఒకసారి యాభై రావాలి. ప్రతిసారీ కచ్చితంగా సగమే పోతోందంటే, ఆ సగం ఎక్కడిది? వంతెన స్తంభం వైపు మళ్ళీ చూశాడు. కుడివైపు దిగువకి పోతున్న ఆఖరి పిట్టలు కనిపిస్తున్నాయి. ఎడమవైపు ఏమీ లేదు. చీకటి కూడా కాదు. చీకటి ఉంటే తెలిసేది. ఆకాశమూ నీళ్ళూ చక్కగా ఉన్నట్టే ఉన్నాయి, పిట్టలే లేవు. తల ఎడమకి తిప్పాడు. బారులు బారులుగా పోతున్నాయి, పదిహేను దాకా.

చేతులు రెండూ రెయిలింగు మీద పెట్టి అలాగే నిలబడిపోయాడు.

తిరిగి వచ్చేటప్పుడు చెట్ల మధ్య దారిలో నడుస్తున్నారు. భార్య ఏదో చెబుతూ చెబుతూ ఆగిపోయింది. ఒక నిమిషం పోయాక ఈయన ఉలిక్కిపడ్డాడు. దారి మీద తనొక్కడే ఉన్నాడు.

"ఏమే! ఎక్కడున్నావ్?"

"ఇదేంటండీ, ఇక్కడే. మీ మోచెయ్యి నాకు తగుల్తూనే ఉందిగా."

ఎడమపక్కనే ఉంది. పెళ్ళయిన నాటి నుంచీ ఆమె ఎడమపక్కనే నడుస్తుంది. తల తిప్పి చూస్తే ఉంది. ముందుకి చూస్తే లేదు. మళ్ళీ తిప్పాడు, ఉంది. మళ్ళీ ముందుకి చూశాడు. పక్కన నడుస్తున్న మనిషిని చెట్లు మింగేసినట్టు మాయం.

"ఏంటలా కోడిలా మెడ తిప్పుతున్నారు?" అంది ఆవిడ నవ్వుతూ. ఆయన మొహం చూశాక ఆ నవ్వు ఆగిపోయింది.

ఇంటికొచ్చి తలుపేసుకున్నారు. కుర్చీలో కూర్చుని గోడ గడియారం వైపు చూస్తూ, ఒక గరిటె తీసుకుని ఎడమ చెవి దగ్గర్నుంచి మెల్లగా ముందుకి తీసుకురమ్మన్నాడు.

"కనపడిందా?"

"మొదలుపెట్టావా?"

"చెవి దాటిందండీ."

"ఊఁ."

"కణత దాటింది. ఇప్పుడు?"

"తేవే ముందుకి."

"ఏమండీ, మీ కంటికి ఎదురుగా ఉంది."

గరిటె ఎక్కడినుంచో గాలిలోంచి పుట్టినట్టు ముక్కు ముందు ప్రత్యక్షమైంది. ఆయన వెనక్కి జరిగాడు. ఆవిడ చేతిలోంచి గరిటె జారి ఖంగుమంది. ఎవరూ తియ్యలేదు.

ఇన్నాళ్ళూ తెలియకపోవడానికి ఆయన పనే కారణం. డ్రైవరు తల ఒక్కచోట ఉండదు. ఎడమ అద్దం, కుడి అద్దం, ముందు రోడ్డు, లోపలి అద్దం, మళ్ళీ ఎడమ అద్దం. తిప్పిన చోటల్లా కనిపిస్తూనే ఉంటుంది. తల తిప్పకుండా నిలబడమని ఇరవై ఏడేళ్ళలో ఆయనకి చెప్పింది ఒక్క సిస్టరమ్మే. ఆయన బస్సు తలుపు ఉండేది ఎడమవైపు. జనం ఎక్కేదీ దిగేదీ, చివరి నిమిషంలో పరిగెత్తుకుంటూ వచ్చేదీ అంతా ఎడమవైపే.

"డిపోలో చెప్పెయ్యండి," అంది భార్య.

"చెబితే స్టీరింగు ఉండదు."

"చెప్పకపోతే?"

ఆ మధ్యాహ్నం ఆయన డ్యూటీకి పోయాడు. అలవాటైన కాళ్ళు తీసుకుపోయాయి.

మర్నాడు పార్కులో సిస్టరమ్మని చెట్టు కింద బెంచీ మీదికి పిలిచి చెప్పేశాడు. ఆమె నవ్వలేదు. ఒక కన్ను మూయించి వేలు ఆడించింది, రెండోది మూయించి ఆడించింది.

"ఎడమ కన్ను బాగా దెబ్బతింది డ్రైవరుగారూ. కుడిదానికీ మొదలైనట్టుంది. కంట్లో నీటి ఒత్తిడి అయ్యుంటుంది. నొప్పి ఉండదు, మంట ఉండదు. అంచుల నుంచి కొరుక్కుంటూ వస్తుంది. పోయినచోట నలుపు రాదు, పక్కనున్న దాంతో మనసే నింపేసుకుంటుంది. అందుకే ఎవరికీ తెలీదు."

"తిరిగి వస్తుందా సిస్టరమ్మా?"

"పోయింది రాదు. ఉన్నది చుక్కల మందుతో కాపాడుకోవచ్చు. ఇప్పుడే వెళ్ళాలి, పెద్ద కంటాసుపత్రికి. ఈలోగా బస్సు..." అని ఆగింది.

"ఈ గురువారం డిపోలో కళ్ళ పరీక్ష ఉందండీ. ఏడాదికోసారి చేస్తారు. అక్కడ ఎలాగూ పట్టేస్తారు."

అలా అన్నప్పుడు ఆయనకి కొంచెం ధైర్యం వచ్చింది కూడా. తన నోటితో చెప్పక్కర్లేదు, వాళ్ళే పట్టుకుంటారు.

గురువారం రానే వచ్చింది. టైర్ల గది పక్కన గోడకి అక్షరాల పటం తగిలించారు. డిపో డాక్టరు ఒక కన్ను మూసుకోమన్నాడు. ఈయన చదివాడు. రెండో కన్ను. చదివాడు. అట్టడుగు వరుసలో చీమ తలకాయలంత అక్షరాలు, అవీ గడగడా చదివేశాడు. ఎదురుగా ఉన్నది కదా, ఎదురుగా ఉన్నదంతా కనిపిస్తుంది. పక్కన ఏముందని ఎవరూ అడగలేదు.

"నీవి కుర్రాడి కళ్ళయ్యా!" అని భుజం తట్టి సంతకం పెట్టేశాడు డాక్టరు.

డాక్టరుగారూ, అని మొదలుపెడదామనుకున్నాడు. వెనక వరుసలో ఇరవైమంది. పట్టుబడదామని పోయినవాడు బహుమతి పట్టుకుని బయటికొచ్చాడు. ఇక పట్టుకునేవాళ్ళు ఎవరూ లేరు. పదవీ విరమణ దాకా నడపొచ్చు. ఎవరినైనా చంపేదాకా కూడా నడపొచ్చు.

కంటాసుపత్రి సంగతి రేపూ ఎల్లుండీ అని వాయిదా వేశాడు. వెళ్తే పేరు పెట్టి చెప్పేస్తారు, అప్పుడిక తెలియనట్టు ఉండటం కుదరదు. ఆ వారం కండక్టరుకి చెప్పాడు. అతను కాసేపు బీడీ మీద బీడీ కాల్చి, "అన్నా, నీ ఎడమ కన్ను నేనవుతా," అన్నాడు.

ఒప్పందం కుదిరింది. ఎప్పటిలాగే రెండు గంటలు కొడితే బండి తియ్యొచ్చని. దాంతోపాటు కండక్టరు ముందు తలుపు దగ్గరికి వచ్చి, ఎడమపక్కంతా చూసి, బస్సు రేకు మీద అరచేత్తో రెండుసార్లు చరుస్తాడు. ఆ చప్పుడు వినిపిస్తే ఎడమ ఖాళీ అని. వినిపించేదాకా క్లచ్చు వదలకూడదు.

పదకొండు రోజులు నడిచింది ఆ ఏర్పాటు. ఆ పదకొండు రోజుల్లో ఆయన మూడు కిలోలు తగ్గాడు. మెడ పట్టేసింది. సిగ్నలు దగ్గర ఆగితే, ఎడమవైపు కనిపించని చోట ఒక పాప నిలబడి ఉందనిపించేది. తల తిప్పితే ఎవరూ ఉండరు. ముందుకి తిరిగితే మళ్ళీ ఉన్నట్టే ఉండేది. ఇంటికొచ్చాక అన్నం ముందు కూర్చుని, కంచానికి ఎడమవైపు పెట్టిన కూర చూడకుండా వట్టి అన్నం తిని లేచిపోయేవాడు. పార్కుకి మాత్రం మానలేదు. పొద్దున పూట ఆ చెట్ల కింద భార్య చెయ్యి పట్టుకుని నడిచే గంటే ఆయనకి ఊపిరాడేది. ఇప్పుడామె కుడిపక్కన నడుస్తోంది. అడక్కుండానే మారింది.

పన్నెండో రోజు సాయంత్రం నాలుగున్నరకి పార్కు గేటు స్టాపులో బండి ఆగింది. జనం కిక్కిరిసి ఉన్నారు. వెనక తలుపు దగ్గర ఒకావిడ నిలువెత్తు అద్దం పట్టుకుని ఎక్కింది. పగిలితే ఎవరిది బాధ్యత అని కండక్టరుకీ ఆవిడకీ గొడవ.

"నీ అద్దానికి కాళ్ళున్నాయా అమ్మా? నిలబడ్డానికి జాగా ఎక్కడుంది?"

"నువ్వు పక్కకి జరిగితే నీ వెడల్పున రెండు అద్దాలు పడతాయి!"

బస్సంతా నవ్వింది. ఆ నవ్వులో కండక్టరు తాడు లాగి రెండు గంటలు కొట్టాడు, ముందుకి వద్దామని. ఇంతలో ముందు తలుపు మెట్టు మీద వేలాడుతున్న ఒక ప్రయాణికుడు, ఆలస్యమవుతోందని విసుక్కుంటూ, అందరూ చేసేదే చేశాడు. పోనీ పోనీ అన్నట్టు రేకు మీద అరచేత్తో రెండుసార్లు చరిచాడు.

ఎడమ ఖాళీ.

మెత్తబ్రేకు క్లచ్చు వదిలాడు. బండి కదిలింది. కదిలిన క్షణంలోనే ఆయన చెవికి ఎక్కడో బాగా దగ్గర్లో, బాగా కింద, వార్తలు చదువుతున్న గొంతు వినిపించింది. రేపు ఆకాశం మేఘావృతమై ఉంటుంది, అంటోంది. అంతలో కరకరమని చప్పుడు. గొంతు తెగిపోయింది.

ఆయన కాలు బ్రేకు మీద పడింది. బతుకులో మొదటిసారి బస్సంతా ముందుకి తూలింది.

తలుపు తీసుకుని దిగి, బండి ముందు నుంచి ఎడమవైపుకి నడిచిన ఆ పది అడుగులూ ఆయన ఎలా నడిచాడో ఆయనకే తెలీదు. కళ్ళు మూసుకునే నడిచాడని కండక్టరు తర్వాత చెప్పాడు.

ముందు చక్రం పక్కన రేడియో తాత నేల మీద కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ ముందుకి చాపి. చేతివేళ్ళకీ టైరుకీ మధ్య బెత్తెడు లేదు. టైరు కింద రేడియో అప్పడమైపోయింది.

"తాతా!"

"ఏం కాలేదు అబ్బాయ్, ఏం కాలేదు. జారిపడిందని వంగాను. నాదే తప్పు." ముసలాయన టైరు కిందికి తొంగి చూశాడు. "నా రేడియో..."

జనం దిగారు. అందరూ ముసలాయన్నే తిట్టారు. బస్సు ముందు వంగడమేంటి, ఆ వయసులో రోడ్డు మీద పాటలేంటి అని. డ్రైవరు బంగారంలాంటివాడు కాబట్టి సరిపోయింది, ఇంకొకడైతే మీదనుంచి పోనిచ్చేవాడు అన్నారు. ఒకాయన వచ్చి ఈయన చెయ్యి పట్టుకుని ఊపాడు కూడా.

కండక్టరు మెల్లగా చెవిలో అన్నాడు. "అన్నా, ఎక్కు. ఏం కాలేదు. ఎవరూ చూడలేదు."

"నేనూ చూడలేదురా. అదే కదా భయం."

బండెక్కి ఇంజను ఆపాడు. హ్యాండు బ్రేకు లాగాడు. తాళం తీసి కండక్టరు చేతిలో పెట్టాడు. "అందరూ దిగండి బాబూ. ఈ బండి ఇక పోదు. వెనక ఇంకోటి వస్తోంది."

"పోకపోవడమేంటి, బాగానే ఉందిగా?"

"బండి బాగానే ఉందమ్మా. నేను బాగాలేను."

అప్పటిదాకా బంగారమన్నవాళ్ళే నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ దిగారు. అద్దం ఆవిడ మాత్రం, "కళ్ళు తిరుగుతున్నాయా నాయనా, నీళ్ళు తాగు," అని సీసా ఇచ్చింది. తాగబోతే నీళ్ళు చొక్కా మీదే పోయాయి.

డిపో మేనేజరు పెద్దాయన గదిలో నిలబడి, ఆదివారం పిట్టల లెక్క నుంచి రేడియో నలిగేదాకా అంతా చెప్పాడు. కండక్టరుతో కుదిరిన ఒప్పందం మాత్రం బయటపెట్టలేదు. పెద్దాయన మంచివాడే. ఆ మంచితనమే ఎక్కువ భయపెట్టింది.

"నీ పరీక్ష కాగితం నా ముందే ఉందయ్యా. కళ్ళు బ్రహ్మాండం అని రాశాడు డాక్టరు. ముసలాయన తప్పు నాదేనని ఒప్పుకున్నాడు. నీలాంటి డ్రైవర్ని పిట్టల లెక్క చూసి ఎలా దింపెయ్యను చెప్పు? బెదిరిపోయావు, అంతే. నాలుగు రోజులు ఇంట్లో ఉండు. పెద్ద కంటాసుపత్రిలో ఏదో వెలుగుల పరీక్ష చేస్తారట, అది చేయించుకునిరా. బాగుందని వాళ్ళంటే సోమవారం నీ బండి నీదే."

సోమవారం నీ బండి నీదే. ఆ మాట ఆయన్ని నిద్రపోనివ్వలేదు. బాగుందని అంటే! అనకూడదా ఏం? సిస్టరమ్మ డాక్టరా? ఒకవేళ ఆమె లెక్కే తప్పేమో? ఇలా అనుకోవడం మొదలుపెట్టాక తన మీద తనకే భయం వేసింది.

ఆసుపత్రిలో భార్యని బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. "ఉన్నదున్నట్టు చెప్పండి," అందామె, సంచి గట్టిగా పట్టుకుని. ఆయన తలూపాడు.

లోపల మసక గది. గంగాళాన్ని పక్కకి తిప్పి పెట్టినట్టు ఒక తెల్లటి యంత్రం. పరీక్ష చేసే అమ్మాయి ఆయన గడ్డాన్ని ఒక గూట్లో పెట్టించింది. కుడి కంటికి గుడ్డ కట్టింది. చేతిలో ఒక మీట ఇచ్చింది.

"మధ్యలో పసుపు చుక్క ఉంది కదా బాబాయ్‌గారూ, దాన్నే చూస్తూ ఉండండి. ఎక్కడైనా చిన్న వెలుగు మెరిస్తే నొక్కండి. మెరవకపోతే నొక్కొద్దు. కంగారేం లేదు."

మొదలైంది. కుడివైపు కింద ఒక వెలుగు. నొక్కాడు. ఇంకొకటి. నొక్కాడు. బాగానే ఉంది.

తర్వాత ఏమీ రాలేదు. చాలాసేపు రాలేదు. యంత్రం ఆగిపోయిందేమో అనుకున్నాడు. అప్పుడు వినిపించింది. లోపలెక్కడో సన్నగా, టిక్. ఆగి, మళ్ళీ టిక్. ఇందాక వెలుగు మెరిసినప్పుడల్లా కూడా అదే చప్పుడు వచ్చిందని గుర్తొచ్చింది. ఇరవై ఏడేళ్ళు ఇంజను చప్పుడు విని లోపం చెప్పిన చెవులు. వెలుగు వచ్చినప్పుడల్లా ఆ టిక్కు. అంటే ఇప్పుడూ వెలుగులు మెరుస్తూనే ఉన్నాయి. ఆయన కళ్ళెదుటే మెరుస్తున్నాయి.

బొటనవేలు మీట మీద ఉంది. టిక్కుమన్నప్పుడల్లా నొక్కితే చాలు. ఈ అమ్మాయికేం తెలుస్తుంది? సోమవారం బండి. తాళం, సీటు, చేతికి అరిగిన స్టీరింగు.

టిక్.

వేలు దానంతటదే వంగబోయింది. ఆయన దాన్ని ఎత్తి పక్కన పెట్టాడు. చెమటతో మీట జారుతోంది, రెండో చేత్తో పట్టుకున్నాడు.

టిక్. టిక్.

"బాబాయ్‌గారూ, నిద్రపోతున్నారా?" అంది ఆ అమ్మాయి.

"లేదమ్మా. మెలకువగానే ఉన్నాను. కానివ్వు," అన్నాడు ఆయన, పసుపు చుక్క మీద నుంచి చూపు తిప్పకుండా.